ముప్పై ఒకటో మేకు

కలలో మొగిలికి ఎప్పుడూ చేతులే కనపడతయి. మొఖాలుండవు. బొగ్గుబాయి మీది దీపాల గది కిటికీలోంచి ఒక్కో చెయ్యి లోపలికొస్తది, తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీస్కపోతది. మసి చేతులు, కాయలు కాసిన చేతులు, ఉంగరాల చేతులు. పదకొండేండ్లు కాంట్రాక్టు కింద ఆ కిటికీ ఇవతల నిలబడ్డడు. పని పోయి పన్నెండేండ్లయింది గాని కల పోలేదు. ఇయ్యాల పొద్దుగాల కునుకులో ఒక ఆడమనిషి చెయ్యి వచ్చింది. గాజులున్నయి. ఆడోళ్లకు దీపం ఇచ్చుడేంది అని ఆలోచిస్తుంటే ఆ చెయ్యి భుజం పట్టి కుదిపింది.

“ల్యావయ్యా మొగిలీ. మీ కాకను పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు.”

సారవ్వ. తొలిదీపం సంఘం హాలు వాచ్‌మన్ పోశం పెండ్లాం. మొగిలి నాయనకు పోశం చిన్ననాటి దోస్తు, అందుకే కాక.

“ఎందుకు?”

“రఘుపతి సారును సంపిండంట. సాయంత్రం నాలుగింటికి మెజిస్ట్రేటు ముందు పెడతరంట. ఆయన గుండెల నిండ బొగ్గే ఉన్నది బిడ్డా. పొద్దుకు మూడుసార్లు పంపు పీలిస్తే గాని ఊపిరాడది. జైల్ల పడేస్తే వారం బతుకడు.”

ఆ మాట కలలోదా మెలకువలోదా తేల్చుకోవడానికి మొగిలికి రెండు గుక్కల నీళ్లు పట్టింది.

ఖని అనే ఆ బొగ్గుగనుల ఊర్లో అతన్ని డిటెక్టివ్ మొగిలి అంటరు. సగంమంది నవ్వుకుంట అంటరు. పోయిన బండ్లు, పారిపోయిన అల్లుండ్లు, దొంగ సర్టిఫికెట్లు – ఇవీ అతని కేసులు. ఏడో తరగతిలో బడి మానేసినోడు, చదువుకున్నోళ్ల అబద్ధాలు పట్టుకుని బతుకుతున్నడు. అందులో కొంచెం కసి కూడా ఉంది, లేదని ఎన్నడూ అనలేదు.

మధ్యాహ్నం ఒకటీ యాభైకి అతను తొలిదీపం హాలు మెట్ల దగ్గరున్నడు. ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా, పాలు పొంగినట్టు పరుచుకుని ఉంది. ఆ ఎండలోనే పోలీసు జీపు. వెనక సీటు ఇనుప కడ్డీకి బేడీతో కట్టేసి పోశం. కడ్డీ ఇవతల సారవ్వ.

మొగిలి చేతిలో ఉన్న లెక్క ఇది. నిన్న మంగళవారం. రెండూ అయిదుకు పోశం హాలులో రాసుకుంటున్న రఘుపతికి టీ ఇచ్చిండు. ఆయన రిటైరైన సర్వే ఆఫీసరు, సంఘం మెంబరు. తర్వాత పోశం సారవ్వతో కలిసి ఆటోలో దవాఖానకు పోయిండు. ఓపీ చీటీ మీద స్టాంపు రెండూ ఇరవై అయిదు. మూడూ యాభై దాకా అక్కడే. నాలుగూ పదికి తిరిగొచ్చి చూస్తే రఘుపతి బల్ల మీద తల వాల్చి ఉన్నడు, నిద్రపోయినట్టు. తల వెనక పగిలింది. పక్కన పాతకాలం ఇత్తడి సేఫ్టీ దీపం, రెండు కిలోల బరువుది. నాలుగూ నలభైకి సీఐ ఉపేందర్ వచ్చిండు, అయిదింటికి హాలు అధ్యక్షుడు. ఆరింటికల్లా పోశం లాకప్పులో ఉన్నడు. టీ ఇచ్చేటప్పుడే కొట్టి చంపి, ఏమెరుగనట్టు దవాఖానకు పోయిండని సీఐ మాట.

“కాకా, రెండే మాటలు అడుగుత,” అన్నడు మొగిలి కడ్డీ దగ్గర. “నువ్వు పోయేటప్పుడు సారు బతికే ఉన్నడా?”

“టీల చక్కెర తక్కువైందని తిట్టిండు గద.” పోశం దగ్గిండు. దగ్గు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఆగిండ్రు. “సచ్చినోడు తిడతడా?”

“లోపల నువ్వేమేం ముట్టుకుంటవు?”

“నేల ఊడుస్త. కుర్చీలు తుడుస్త. గోడ మీది బిళ్లల బల్లలు ముట్ట. పందొమ్మిదేండ్లల్ల ఒక్కపారి గూడ ముట్టలే. మెంబర్లు కానోళ్లు ముట్టొద్దు. అధ్యక్షుల సారే తుడుస్తడు.”

“ఎప్పుడు తుడిచిండు?”

“సోమారం పొద్దుమీకి. తడిబట్ట నేనే పిండిచ్చిన. సభ ఉన్నది గద ఐతారం.”

జీపు అవతలి నుంచి ఒక నవ్వు వినిపించింది.

“ఏం మొగిలీ, ముద్దాయితోని ముచ్చట్లా? ఫీజు మాట్లాడుకున్నవా?”

ఉపేందర్. నలభై మూడేండ్లుంటయి. ఇస్త్రీ నలగని మనిషి. డ్రైవరు లేకుండా జీపు తనే నడుపుకుంట వచ్చిండు, తాళంచెవి వేలికి తిప్పుతున్నడు. పోయినేడు ఒక దొంగ సర్టిఫికెట్ల కేసులో మొగిలి ఇతనికంటె రెండు రోజులు ముందు మనిషిని పట్టిండు. అప్పటినుంచి ఎదురైనప్పుడల్లా ఈ నవ్వు.

“ముచ్చట్లే సారు. ముద్దాయి అని రాసింది మీరు, కాకా అని పిలుస్తున్నది నేను.”

“నడువు ఇక్కడినుంచి. పంచనామా ఉన్నది.”

పంచనామా అంటే ఊరోళ్లు ఇద్దరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలె. ఒకరు హాలు అధ్యక్షుడు జగదీశ్వర్, రిటైరైన గని మేనేజరు. రెండో మనిషి ఎండకు భయపడి రాలేదు. హెడ్ కానిస్టేబులు ఖదీర్ ఒక చేత్తో అట్ట, ఒక చేత్తో పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నడు.

“సార్, రెండో పంచు లేకపోతే కాగితం చెల్లదు,” అన్నడు ఖదీర్, మొగిలి వైపు చూడకుండా. “ఈ మొగిలన్న ఉన్నడు గద. పెట్టిచ్చేస్తె జల్ది అయిపోతది.”

ఉపేందర్ గడియారం చూసుకున్నడు. “సంతకం వస్తదా నీకు?”

“ఏడో తరగతి దాకా పోయిన సారు. సంతకం మూడో తరగతిలనే నేర్పిండ్రు.”

“పది నిమిషాలు. ఫోన్లు ఇక్కడ పెట్టి రాండ్రి.”

జగదీశ్వర్, మొగిలి ఫోన్లు జీపు బానెట్ మీద పెట్టిండ్రు. కాలిపోతున్న రేకు మీద రెండు నల్ల ముక్కలు.

లోపలికి అడుగుపెట్టగానే ఎండ మాయమైంది. మొగిలికి నీళ్లల్లకు దిగినట్టే అనిపించింది. పొడుగాటి హాలు, ఎత్తున చిన్న చిన్న గాజు కిటికీలు, వాటిలోంచి ఏటవాలుగా దిగుతున్న వెలుగులో మసి తేలుతోంది, తొందర లేకుండా. గోడల పొడుగూ ఫోటోలు. నలభై ఏండ్ల ఫోటోలు. ప్రతి దాంట్లో అదే నిలబడటం, అదే పద్ధతిలో ఛాతికి ఆనించుకున్న దీపం. ప్యాంట్ల వెడల్పు మారింది, మీసాలు మారినయి, పిల్లలు మాత్రం అందరూ ఒక్కడే అన్నట్టున్నరు. ఒక పిల్లగాడు నలభై ఏండ్లుగా ముసలితనం రాకుండా, కండ్లు ఆర్పకుండా మొగిలిని చూస్తున్నట్టే ఉంది.

తొలిదీపం గురించి ఖనిలో తెలియనోడు లేడు. 1986లో గనుల డిప్లొమా కాలేజీ హాస్టల్లో ఏడుగురు ఒక దీపం చుట్టూ కూర్చుని అన్నదమ్ములమని ఒట్టేసుకున్నరు. తర్వాత ఏటా ఒకరో ఇద్దరో. ఇప్పటికి నలభై ఎనిమిది మంది. కొత్తగా చేరెటోడు మూతపడ్డ ఇంక్లైనులోకి, అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే పాత బాయిలోకి, ఒక్కడే దీపంతో నూరడుగులు పోయి బొగ్గు పెల్ల తీసుకురావాలె. వచ్చినోడు అన్న. వాళ్లల్ల బాయిల పని చూసే ఓవర్‌మెన్లయిండ్రు, మేనేజర్లయిండ్రు, గనులు వదిలి వేరే సర్కారు కొలువులకు పోయినోళ్లూ ఉన్నరు. ఒకడు పైకెక్కితే ఇంకొకనికి చెయ్యందిచ్చిండు. మొగిలికి ఆ చెయ్యి ఎన్నడూ కిటికీ అవతలిదే.

రఘుపతి కూర్చున్న బల్ల మీద సుద్దతో గీసిన గీతలు. కాగితాలు లేవు.

“ఏం రాస్తుండె సారు?” అడిగిండు మొగిలి.

జగదీశ్వర్ అరవై రెండేండ్ల మనిషి. ఒక్క రాత్రిలో ఇంకో పదేండ్లు మీద పడ్డట్టున్నడు. “సంఘం చరిత్ర. ఆదివారం నలభై ఏండ్ల సభలో చదువుదామనుకున్నడు.”

“ఎంతవరకొచ్చింది?”

“రెండువేల నాలుగు దాకా.” ఆ మాట తర్వాత ఆయన గొంతు సవరించుకున్నడు. “అక్కడ పదిహేను రోజులు ఆగిండు.”

“ఎందుకు ఆగిండు?”

“వయసు మీద పడ్డది గద. అలసిపోయిండేమో.”

“ఆ కాగితాలేవి?”

“నా దగ్గరున్నయి,” అన్నడు వెనకనుంచి ఉపేందర్. “సభ్యుల రిజిస్టరు కూడ. నువ్వు పంచువు. చూడు, సంతకం పెట్టు. లాయరు వేషం వద్దు.”

మొగిలి చూసిండు. కానీ బల్లను కాదు. తలుపు పక్క గోడను.

అక్కడ రెండు తెల్ల చెక్క బల్లలు. ఒకదాని మీద ‘బయట’, ఇంకోదాని మీద ‘లోపల’ అని రాసుంది. రెండింటి మీదా వరసలుగా మేకులు, మేకు పైన రంగుతో నంబరు. బయట బల్ల మేకులకు ఇత్తడి బిళ్లలు. లోపల బల్ల ఖాళీ. అచ్చం దీపాల గది. మొగిలికి ఒక్క క్షణం తను ఏ వయసులో ఉన్నడో మతికి రాలేదు. చెయ్యి తనంతట తనే చాచుకుంది, దీపం అందియ్యడానికి.

“ముట్టకు,” అన్నడు జగదీశ్వర్ మెల్లగా.

“ముట్ట సారు. పద్ధతి చెప్పుండ్రి.”

“హాలులకొచ్చినోడు తన బిళ్ల బయట బల్ల మీద తీసి లోపల బల్లకు తగిలిస్తడు. పోయేటప్పుడు మళ్ల బయటికి మారుస్తడు. బాయిల ఎవరున్నరో తెలవాలె గద, అదే అలవాటు. నలభై ఏండ్ల సంది ఒక్కడు గూడ తప్పలే. నిద్రల లేపినా చెయ్యి అటే పోతది. నిన్నటి సంది ఏదీ ముట్టొద్దని పోలీసులన్నరు, అందుకే నాది మార్చలే.”

“సచ్చిపోయినోళ్లవి?”

“బయట బల్ల మీదనే బోర్లిస్తం. నంబరు చెక్క దిక్కు. కర్మ దినం నాడు అందరం నిలబడి, పెద్దోడు బోర్లిస్తడు. మాలో మాకే తెలుసు. బయట చెప్పం.”

మొగిలి లెక్కపెట్టిండు. ఎనిమిది బిళ్లలు బోర్లా ఉన్నయి. ఏడు చిలుమెక్కినయి, తొమ్మిదో మేకుది మాత్రం ఇంకా మెరుస్తోంది. “ఇదివరకు ఎందరు పోయిండ్రు సారు?”

“ఏడుగురు.”

“తొమ్మిదో నంబరు ఎవరిది?”

జగదీశ్వర్ ఆ మేకు మీదినుంచి చూపు తిప్పుకున్నడు. 

“రఘుపతిది.”

“దినం కాలే. ఇంకా శవమే దవాఖాన నుంచి రాలే. ఎవరు బోర్లిచ్చిండ్రు సారు?”

ఖదీర్ పెన్ను ఆగింది.

“పోశమే,” అన్నడు ఉపేందర్ తాపీగా. “పందొమ్మిదేండ్లు చూస్తున్నడు. కండ్లున్నయి గద ముసలోనికి. చంపినంక భయంతో బోర్లిచ్చి పోయిండు. మంచిగనే చెప్పినవ్ మొగిలీ, ఒక సాక్ష్యం పెంచినవ్. రాయి ఖదీర్.”

“రాయి ఖదీర్ భాయ్,” అన్నడు మొగిలి కూడా. “నేను చెప్పేది గూడ రాయి. పంచు కండ్లతోని చూసింది రాయకపోతే సంతకం పెట్ట.”

రెండూ పదిహేను.

అతను బల్ల దగ్గరికి ముక్కు ఆనేంతగా వంగిండు. ఖనిలో సోమవారం తుడిచిన చెక్క మీద బుధవారానికి వేలితో పేరు రాయొచ్చు. రెండు బల్లల మీదా సన్నటి నల్లటి పొర, పౌడరు జల్లినట్టు. ఆ పొర మీద, బయట బల్లకు వేలాడుతున్న దాదాపు ప్రతి బిళ్ల కింద, ఒక తెల్లటి నెలవంక. బిళ్ల ఊగి మసిని తుడిచిన జాడ.

మొగిలికి నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియని, నిద్రలో వచ్చే నవ్వు.

“సారు, రోజూ రెండున్నరకు ఓపెన్‌కాస్టు గనిల బండలు పేల్చే బ్లాస్టింగ్ అయితది. మా ఇంట్ల గిన్నెలు పడతయి. ఇక్కడేం అయితది?”

“హాలంతా ఊగుతది,” అన్నడు జగదీశ్వర్. “బిళ్లలు మోగుతయి.”

“నిన్న కూడ రెండున్నరకే అయింది. సోమవారం రాత్రి నుంచి ఇప్పటిదాకా ఈ బల్లలు చూసింది ఒక్క బ్లాస్టింగే. ఊగిన బిళ్ల కింద నెలవంక పడ్డది. ఇదిగో ఒకటి కింద ఉన్నది, రెండు కింద ఉన్నది. తొమ్మిది కింద చూడుండ్రి.”

తొమ్మిదో మేకు కింద మసి చెదరలేదు. కొత్తగా పరిచిన దుప్పటిలా ఉంది.

“ఇప్పుడు లోపల బల్ల చూడుండ్రి. ఒక్క బిళ్ల గూడ లేదు. కానీ తొమ్మిదో మేకు కింద నెలవంక ఉన్నది.”

 ఫోటోల్లోని పిల్లలు కూడా వింటున్నట్టే ఉంది.

“రెండున్నరకు రఘుపతి సారు బిళ్ల లోపల బల్ల మీద ఊగింది. ఊగినంకనే ఎవరో తీసి, బయట బల్లకు బోర్లా తగిలిచ్చిండ్రు. రెండూ ఇరవై అయిదు నుంచి మూడూ యాభై దాకా పోశం కాక దవాఖాన బెంచి మీదున్నడు. స్టాంపున్నది. అయితే బోర్లిచ్చింది మీ అన్నదమ్ములల్ల ఒకడు. సచ్చిండని ఆనికి అందరికంటె ముందు తెలుసు.”

“బిళ్లలు నీ చెవిల చెప్పినయా?” అన్నడు ఉపేందర్. గొంతు మారలేదు గాని వేలి మీద తాళంచెవి తిరగడం ఆగింది. “మసిని పట్టుకుని కోర్టుకు పోతవా? జడ్జి ముందు ఊది చూపిస్తవా?”

“ఊదొద్దనే రాయమంటున్న. ఖదీర్ భాయ్, రాసినవా?”

“తొమ్మిది దాకా రాసిన అన్న.”

“ఇంకొకటున్నది.” మొగిలి లోపల బల్ల మీద ఇంకా కిందికి వంగిండు. మూడో వరసలో, నడుమ. అక్కడా ఒక నెలవంక. సన్నది, స్పష్టంగా. అదే నంబరు బయట బల్ల మీద వెతికిండు. బిళ్ల ఉంది, సరిగ్గానే ఉంది, ముట్టనట్టే ఉంది. దాని కింద మసి మాత్రం చెదరలేదు. “నిన్న బ్లాస్టింగ్ టైముకు లోపల ఇద్దరున్నరు. దొంగతనంగ వచ్చినోడు గూడ, చంపడానికి వచ్చినోడు గూడ, అలవాటు మీద తన బిళ్ల లోపలికి మార్చుకున్నడు సారు. చెయ్యే మార్చింది. ఆనికి తెలిసి ఉండది. రాయి ఖదీర్ భాయ్. నంబరు ముప్పై...”

ఉపేందర్ వచ్చి ఖదీర్ చేతిలోని పెన్ను తీసుకున్నడు. గుంజుకోలేదు, పిల్లల దగ్గర బొమ్మ తీసుకున్నట్టు తీసుకుని జేబుకు పెట్టుకున్నడు.

“చాలు. టైమెంతయింది?”

రెండూ ఇరవై ఆరు. దూరంగా సైరన్ లేచింది. బ్లాస్టింగుకు ముందు మోగే సైరన్. పొడుగ్గా, ఎవరో పాట మరిచిపోయి ఒకే రాగం పట్టుకున్నట్టు.

“పాత బిల్డింగు, పెచ్చులూడతయి,” అన్నడు ఉపేందర్. “అందరు బయటికి నడువుండ్రి. అయినంక వచ్చి రాద్దాం. నీ మసి ఏడికి పోతది?”

ఏడికి పోతదో అందరికీ తెలుసు. నాలుగు నిమిషాల్లో హాలు ఊగుతది. అన్ని బిళ్లలూ ఊగుతయి. అన్ని మేకుల కిందా నెలవంకలే ఉంటయి, కప్పు మీది మసి దిగి లోపల బల్లను కప్పేస్తది.

“పెన్ను ఇయ్యుండ్రి సారు.”

“బయటికి నడువంటున్న.”

“రెండక్షరాలు రాసే పని. దానికి సీఐ సారు ఎందుకు పానం మీదికి తెచ్చుకుంటున్నడు?”

“మర్యాదగ చెప్తున్న మొగిలీ. బాయిల దీపాలు తుడిచే బతుకు నీది. పెద్దోళ్ల ఇండ్లల్ల ఏలు పెట్టకు.”

“తుడిచిన. మీసొంటోళ్లు కింద దారి తప్పొద్దనే తుడిచిన.”

మొగిలి కదల్లేదు. ఉపేందర్ భుజం పట్టి లాగిండు. మొగిలి విడిపించుకుని లోపల బల్లకు వీపు తిప్పి నిలబడ్డడు. అప్పుడే భూమి ఒళ్లు విరుచుకుంది.

ముందు చప్పుడు రాలేదు. కాళ్ల కింది బండ మెత్తగా అయింది. తర్వాత వచ్చింది, లోతునుంచి, అవతలి గదిలో ఎవరో పెద్ద తలుపు మూసినట్టు. బిళ్లలన్నీ ఒక్కసారి మోగినయి. నలభై ఎనిమిది ఇత్తడి నాలుకలు. కప్పు నుంచి మసి జారి, వెలుగు గీతల్లో నల్లటి మంచులా, ఎంతో నింపాదిగా దిగింది. మొగిలి గిరుక్కున తిరిగి ఆ మేకు మీద అరచెయ్యి పెట్టిండు, ఒక్క ఆ జాడనన్నా కాపాడుదామని, చంటిపిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు. బల్ల అతని చేతి కింద వణికింది. వణికి ఆగింది.

చెయ్యి తీసి చూసిండు.

నెలవంక లేదు. చెమట చేతి అచ్చు ఉంది. అయిదు వేళ్లూ, అరచెయ్యీ, గీతలతో సహా.

అతను దాన్ని చూస్తూ నిలబడ్డడు. పదకొండేండ్లు చేతులు చూసినోడు, ఇంతకంటె పనికిమాలిన చెయ్యి ఎన్నడూ చూడలేదు.

ఉపేందర్ ఈసారి నిజంగానే నవ్విండు. “మంచిగ తుడిచినవ్. పని మర్చిపోలేదు.” పెన్ను తీసి ఖదీర్‌కు ఇచ్చిండు. “రాయి. బల్లల మీద ఏమీ లేదు. పంచు సంతకం పెట్టకపోతే స్టేషన్ల ఇంకొకన్ని చూద్దాం. నాలుగింటికి కోర్టు.”

బయటినుంచి పోశం దగ్గు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. మళ్ల మొదలైంది. సారవ్వ ఏదో అంటోంది, ఆయనను కాదు, ఆ దగ్గునే బతిమాలుతున్నట్టు.

మొగిలి జగదీశ్వర్ వైపు తిరిగిండు. ఇక ఈ గదిలో మిగిలిన సాక్ష్యం ఆ ముసలాయన రెండు కండ్లే.

“మీరు నా పక్కనే వంగి చూసిండ్రు సారు. ముప్పై ఒకటి. పేర్ల రిజిస్టరు పోలీసుల దగ్గరున్నది, నాకు దొరకది. మీకు రిజిస్టరు అక్కరలేదు. ఎవరిది?”

జగదీశ్వర్ ఖాళీగా ఉన్న లోపల బల్లనే చూస్తున్నడు.

“నిన్న సాయంత్రం అయిదింటికి మీరొచ్చిండ్రు. తొమ్మిది బోర్లా ఉండుడు అప్పుడే చూసిండ్రు. మీకు అర్థమైంది. రాత్రంతా పండుకోలే. నేను అడిగేదాక ఆగిండ్రు. నేను అడగకపోతే పోశం కాకను అట్లనే పోనిచ్చెటోళ్లా?”

“మొగిలీ...”

“టీ తెచ్చిచ్చినోడు సారు. పందొమ్మిదేండ్లు నేల ఊడ్చినోడు. మీ అన్నదమ్ముల లెక్కల ఆనికి ఒక మేకు గూడ లేదు.”

ఉపేందర్ ముందుకొచ్చి జగదీశ్వర్ మోచెయ్యి పట్టుకున్నడు. ఎంత మెల్లగా పట్టుకున్నడంటే, బయటనుంచి చూసినోళ్లకు కొడుకు తండ్రిని మెట్లు దింపుతున్నట్టుంటది.

“ఎండకు మీకు బాగలేదు. పోదాం పా అన్నా.”

జగదీశ్వర్ ఆ చేతివైపు చూసిండు. తర్వాత మోచెయ్యి విడిపించుకున్నడు.

“నన్ను అన్నా అనకు ఉపేందర్.”

హాలులో మసి ఇంకా దిగుతనే ఉంది.

“ఇతనిదే మొగిలీ. ముప్పై ఒకటి ఇతనిది. రెండువేల మూడు బ్యాచి. గనుల కొలువుల చేరి, రెండేండ్లకే ఎస్సై పరీక్ష రాసి పోయిండు. మేం ఎవరికీ చెప్పలే. పోలీసుల ఒకడుంటే మంచిదనుకున్నం.” ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నడు, రఘుపతి కుర్చీలోనే. “ఖదీర్, నీ ఫోన్ల ఏసీపీ గారి నంబరుందా?”

“ఉన్నది సార్.”

“కలుపు.”

“ఖదీర్!” అన్నడు ఉపేందర్. “నీ సర్వీసు ఎన్నేండ్లున్నది?”

ఖదీర్ ఫోను వైపు చూసిండు, సీఐ వైపు చూసిండు. “రెండేండ్లు సార్,” అని నంబరు నొక్కి జగదీశ్వర్ చేతికిచ్చిండు. ఇచ్చినంక అట్ట ఛాతికి అడ్డం పెట్టుకుని ఆయన ముందు నిలబడ్డడు, అట్ట తూటాను ఆపుతదన్నట్టు.

జగదీశ్వర్ ఫోను చెవికి పెట్టుకున్నడు. గొంతు పాఠం చదువుతున్నట్టుంది.

“ఏసీపీ గారా? నా పేరు జగదీశ్వర్. రఘుపతి హత్యకు సాక్షిని. చంపింది పోశం కాదు. ఆగుండ్రి, మొత్తం చెప్పనియ్యుండ్రి, మళ్ల చెప్పలేను. రెండువేల నాలుగుల ముత్యం అని ఒక పిల్లగాడు, మొదటి సంవత్సరం. సంఘంల చేర్చుకోవడానికి నల్లగుట్ట పాత ఇంక్లైనుల దింపిండ్రు. దింపింది ఉపేందర్. పిల్లగాడు తిరిగి రాలే. తెల్లారి అయిదింటికి ఉపేందర్ ఏడ్చుకుంట నా దగ్గరికొచ్చిండు. నేను అక్కడ మేనేజర్ని. ఇంక్లైను మూతికి గోడ కట్టే పని మరునాడు ఉండె. నేను ఆ రోజే కట్టించిన. కాలేజీల పారిపోయిండని రాయించినం. సర్వే మ్యాపుల గోడ తేదీ ఒకరోజు ముందుకు జరిగింది, పిల్లగాడు మాయమైన రోజుకే. రఘుపతి ఇన్నేండ్లకు అది పట్టిండు. అదే రాసిండు. అందుకే పోయిండు.”

అవతల ఏదో ప్రశ్న. జగదీశ్వర్ కండ్లు మూసుకున్నడు.

“లేదు. చచ్చిపోయిండని మేం చూడలే. గోడ నడుము దాకా లేచినంక లోపలినుంచి చప్పుడొచ్చింది. రాయితోని ఇనుము మీద కొట్టినట్టు. మూడుసార్లు. ఆగి, మళ్ల మూడుసార్లు. మేస్త్రి నా మొఖం చూసిండు. పాత పట్టాలు ఎండకు సాగుతున్నయి అని నేనే అన్న. ఇంకో వరస పెట్టమన్న.”

ఖదీర్ నోట్లోంచి “యా అల్లా” అని ఒక్క మాట వచ్చింది.  ముసలాయన పెదవులు కదులుతున్నయి గాని మాటలు ఎక్కడో దూరంనుంచి, రాతి అవతలినుంచి వస్తున్నట్టున్నయి. గదిలో మిగిలినోళ్లు ఆ పెదవులనే చూస్తున్నరు.

ఇద్దరే.

మొగిలి తిరిగి చూసిండు. తలుపు బార్లా తెరిచి ఉంది. తెల్లటి ఎండ. గడప మీద మసిలో బూట్ల అచ్చులు, వెనక్కి వెనక్కి నడిచి పోయినయి.

ఇంజను చప్పుడు. దాని మీద సారవ్వ కేక.

మొగిలి మెట్లు దిగలేదు, పడ్డడు. బానెట్ మీది రెండు ఫోన్లు మట్టిలో దొర్లుతున్నయి. జీపు గేటు దాటింది. వెనక సీట్లో, కడ్డీకి కట్టేసిన చేతులతో, పోశం తల ఒక్కసారి ఇటు తిరిగింది. నోరు తెరిచి ఉంది. పిలుస్తున్నడో, ఊపిరి వెతుక్కుంటున్నడో.

“కోర్టుకేనా?” అని సారవ్వ మొగిలి అంగీ పట్టుకుని గుంజింది. “బిడ్డా, చెప్పు, కోర్టుకేనా తీస్కపోతున్నడు?”

కోర్టుకు పోవాలంటే గేటు దాటి ఎడమకు తిరగాలె. జీపు కుడికి తిరిగింది. ఆ దారిలో ఊర్లు లేవు, ఇండ్లు లేవు. తుప్పలు, బుగ్గి కుప్పలు, వాటి చివర నల్లగుట్ట.